మిరుగుకు ముందు ఆదివారం

నిరుడు వానాకాలంలో ఒక సాయంత్రం మా అక్క మెస్సులో పిక్కల దాకా వచ్చిన మోరి నీళ్లలో నిలబడి, బియ్యం బస్తాను బల్ల మీదికి ఎక్కిస్తుంటే నా జేబులో ఫోను మోగింది. తడి చేతులు చొక్కాకు తుడుచుకుని చూస్తే సర్కారు వారి సందేశం. మా గల్లీ మురుగు కాలువ, అదే మోరి, పూడిపోయిందని నేను పెట్టిన ఫిర్యాదు సంతృప్తికరంగా పరిష్కారమైందట, సేవలు ఎలా ఉన్నాయో చుక్కలిచ్చి తెలియజేయాలట. అక్కకు చదివి వినిపించాను. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని బకెట్టుతో నీళ్లు గడప బయటికి ఎత్తిపోస్తున్న మనిషి తల కూడా ఎత్తలేదు. "ఇయ్యి తమ్మీ, ఉన్న చుక్కలన్నీ ఇచ్చెయ్. మబ్బు పట్టింది గద, ఆకాశంల ఎట్లాగూ కనబడ్తలేవు" అన్నది. ఇద్దరం నవ్వాం. నవ్విన తరువాత బకెట్టు కింద పెట్టి, "వచ్చే వానలకు గూడ ఇట్లనే నీళ్లొస్తే నేను తాళమేస్త. ఇగ నాతోని గాదు" అన్నది. అది నవ్వులాటగా అన్న మాట కాదని నాకు తెలుసు.

ఆ మెస్సు సంగతి చెప్పాలి. బావ పోయిన తరువాత అక్క ఎవరి మీదా ఆధారపడనని మా ఇంటి కింది భాగంలో పెట్టుకున్నది. పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి, ఆదిలాబాద్ నుంచి సర్కారు నౌకరీల పరీక్షలకు చదవడానికి అశోక్ నగర్ చేరిన పిల్లలు అక్కడ తిని వెళతారు. వాళ్ల ఊళ్లలో తినే పచ్చిపులుసు, సర్వపిండి వాళ్లకు ఈ పట్నంలో దొరికే చోటు అదొక్కటే అని వాళ్లే అంటుంటారు. పరీక్ష తప్పినవాడు మూల కూర్చుని ముద్ద కలుపుతూ ఉంటే అక్క ఏమీ అడగకుండా ఇంకో గరిటె పప్పు వేసి వెళుతుంది. అక్కకు అది బతుకుతెరువు మాత్రమే కాదు. ఆ తాళం మాట విన్న రాత్రి నుంచి నాకు మనసు మనసులో లేదు, ఎందుకంటే ఆ నీళ్లు వానదేవుడు పంపినవి కావు. అవి ఎలా వచ్చాయో, ఎవరి పుణ్యమా అని వచ్చాయో నాకు మొదటి నుంచీ తెలుసు.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మా చిన్నప్పుడు చిక్కడపల్లి గల్లీల్లో చాలావాటికి సర్కారు మోరీలు లేవు. మా గల్లీ నారాయణగూడ వైపు మెరకకూ అశోక్ నగర్ వైపు పల్లానికీ మధ్య జారుడుబల్లలా ఉంటుంది కాబట్టి పైన పడ్డ వాన అంతా మా మీదుగానే నాలాకు పోవాలి. అందుకని మా తాతల నాడు గల్లీ వాళ్లే తవ్వుకుని, రెండు పక్కలా రాళ్లు పేర్చి, పైన షాబాద్ బండలు పరుచుకున్న మోరి అది. నున్నటి ఆ బండల మీద ఎండాకాలం సాయంత్రాలు నీళ్లు చల్లి కూర్చునేవాళ్లం, ఆడపిల్లలు అచ్చనగండ్లు ఆడేవాళ్లు, అమ్మలు బియ్యం ఏరుకునేవాళ్లు. కింద మురికి పారుతున్నదన్న సంగతి ఎవరికీ గుర్తు వచ్చేది కాదు, వాసన రాదు మరి. ఎందుకు రాదంటే ఏటా మిరుగుకు ముందు వచ్చే ఆదివారం గల్లీ అంతా కలిసి దాన్ని కడిగిన ముత్యంలా తీసిపెట్టేది.

మృగశిర కార్తెను మేం మిరుగు అంటాం. ఆ రోజు తినేవాళ్లు చేపలు తింటారు, తిననివాళ్లు బెల్లంలో ఇంగువ కలిపి ముద్ద చేసుకుని నోట్లో వేసుకుంటారు, వానాకాలం జలుబూ దగ్గూ దగ్గరికి రావని. మా గల్లీలో ఆ పండుగ ఒక ఆదివారం ముందే మొదలయ్యేది. శనివారం సాయంత్రం మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, ఆబిడ్స్‌లో బట్టల దుకాణంలో గుమాస్తా, పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని ఇల్లిల్లూ తిరిగేవారు. ప్రతి గుమ్మం ముందూ ఒకసారి దగ్గి, "రేపు మోరి" అని రెండు మాటలు చెప్పి పక్కింటికి వెళ్లిపోయేవారు. వస్తారా అని అడిగేవారు కాదు. తెల్లవారేసరికి ఇంటికొకరు పారతోనో తట్టతోనో బయటికి వచ్చేవారు. కోర్టులో నల్ల కోటు తప్ప వేరే బట్టల్లో మేం చూడని మూలింటి వకీలు సాబ్ ఆ రోజు లుంగీ ఎగగట్టి మోరిలో దిగేవారు. ఎదురింటి పంతులమ్మ భర్తకు ఆయాసం కాబట్టి ఆమే వచ్చి తట్టలు మోసేది. చివరింటి ఉర్దూ మాస్టరు సాబ్ పార పట్టుకుని నడుము వంచలేక వంచుతుంటే వకీలు సాబ్, "మాస్టర్ సాబ్, అది కలం గాదు, జర గట్టిగ పట్టున్రి" అని ఏడిపించేవారు. పని అయిన తరువాత మా పెద్దమ్మ ఇత్తడి పళ్లెంలో బెల్లం ఇంగువ ముద్దలు తెచ్చి, మురికి చేతులతో ముట్టుకోకండి అని ఎవరి నోట్లో వాళ్లకు తనే పెట్టేది. వకీలు సాబ్ కూడా పిల్లవాడిలా నోరు తెరిచేవారు.

పెద్దబాపుకు రెండు పట్టుదలలు ఉండేవి. ఒకటి, ఇంటి మనిషే రావాలి, కూలివాడిని పెట్టకూడదు. కూలివాడు బురద తీస్తాడు గానీ చెత్త వేసే చేతిని ఆపలేడని, తన చేత్తో తీసినవాడే మళ్లీ వేయడని ఆయన లెక్క. రెండోది, రాని ఇంటి ముందు మోరి కూడా మేమే తీసేవాళ్లం, కానీ ఆ బురదను బండికి ఎత్తేవాళ్లం కాదు, ఆ గడప ముందే కుప్ప పోసి వచ్చేవాళ్లం. ఎవరినీ ఏమీ అనడం లేదు, తిట్టడం లేదు. కుప్ప మాత్రం అక్కడే ఉండి ఎండుతుంది, దారిన పోయేవాళ్లంతా చూస్తారు, వాసన వాళ్ల వంటింట్లోకే పోతుంది. ఎండేలోగా ఆ ఇంటాయన చీకటితో లేచి తనే ఎత్తిపోసుకునేవాడు. మరుసటి ఏడు అందరికంటే ముందు పార పట్టుకుని నిలబడేవాడు.

అందరూ అలా కాదు. మూడో ఇంటాయన ఏదో పెద్ద సర్కారు దఫ్తరులో ఆఫీసరు. ఒక ఏడాది ఆయన తన బదులు కూలివాడిని పంపాడు. పెద్దబాపు ఆ కూలాయన నోట్లో బెల్లం ముద్ద పెట్టించి, దండం పెట్టి, ఇంటికి పంపేశారు. బురద కుప్ప ఆఫీసరు గారి గేటు ముందు పోసేశారు. ఆ రోజు నుంచి ఆయన మా పెద్దబాపును "మోరి పెద్దమనిషి" అనడం మొదలుపెట్టాడు. ఆ పేరు గల్లీ దాటి బడి దాకా వచ్చి, నన్ను తోటి పిల్లలు మోరోళ్ల పిలగాడు అన్నారు. ఆయన బిడ్డ పెండ్లిలో మా పెద్దబాపును తొలి బంతిలో కూర్చున్నవాడిని లేపి చివరి బంతికి పంపారు. పెద్దబాపు మరిచిపోయారు. నేను మరిచిపోలేదు. వడ్డించిన బూరెలు ఆ బంతికి వచ్చేసరికి అయిపోయిన సంగతి కూడా మరిచిపోలేదు.

నేను నారాయణగూడలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనికి కుదిరిన రోజుల్లో సర్కారు మా గల్లీకి వచ్చింది. దఫ్తరులో తనకున్న పలుకుబడితో పక్కా మోరి మంజూరు చేయించింది ఆ మూడో ఇంటాయనే. షామియానా వేశారు, కుర్చీలు వేశారు, దండలు వేసుకున్నారు. ఇక నుంచి ఈ పని మాది, మీరు చేయి పెట్టనక్కరలేదు అని పెద్దలు మైకులో చెప్పారు, అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆడవాళ్లు కూడా సంతోషించారు, నేను అబద్ధం చెప్పను. పెద్దబాపు లేచి ఇంజనీరు గారిని ఒక్కటే అడిగారు. "మలుపు కాడ ఒక్క బండ లేపేటట్టు ఉంచుండ్రి సారు. పూడితే అక్కడనే పూడుతది." మలుపు దగ్గరే పూడుతుందని గల్లీలో గోళీలాడే పిల్లలకు కూడా తెలుసు, ఏటా చూసేదే కదా. ఇంజనీరు గారు నవ్వి, "ఇక లేపే అవసరం మీకు రాదు పెద్దాయనా" అన్నారు. అప్పుడు మూడో ఇంటాయన కుర్చీలోంచి లేవకుండానే అందరికీ వినబడేటట్టు, "పారలు తట్టలు అటకెక్కించు పెద్దమనిషీ, ఇగ నీ రాజ్యం అయిపోయింది" అన్నాడు. గొల్లున నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ తెలుసు. వకీలు సాబ్ కూడా నవ్వారు.

షాబాద్ బండలు పీకి లారీలో వేసుకుపోయారు, ఎక్కడికి పోయాయో ఎవరూ అడగలేదు. వాటి చోట, నీళ్లు దిగడానికి అక్కడక్కడ కంతలు వదిలి, లేపడానికి మూత ఒక్కటీ లేకుండా పైన ఏకంగా కాంక్రీటు పోశారు. మొదట్లో పని బాగానే జరిగింది, ఆ మాట కూడా చెప్పాలి. మిరుగుకు ముందు మనుషులు వచ్చి పైనుంచి కిందికి ఏవో గొట్టాలు దూర్చి తీసేవారు. మా వాళ్లు గుమ్మాల్లో కుర్చీలు వేసుకుని చాయ్ తాగుతూ, ఇటు సరిగ్గా తీయలేదు, అటు సరిగ్గా తీయలేదు అని చెబుతూ కూర్చునేవారు. తరువాత వాళ్లు ఒక ఏడు వచ్చారు, ఒక ఏడు రాలేదు. ఈలోగా మావాళ్ల చేతులు మారిపోయాయి. ఊడ్చిన చెత్త తట్టలోకి ఎత్తడం మానేసి చీపురుతో నేరుగా మోరి కంతలోకి తోయడం మొదలుపెట్టారు. నేను అడిగితే పంతులమ్మ, ఏటా తట్టలు మోసిన ఆ పంతులమ్మే, "ఏమైతది బాబూ, వాళ్లు తీస్తరు గద" అన్నది. ఆమెది దొంగ మాట కాదు, నిజంగానే ఆమెకు అందులో తప్పు కనబడలేదు. మోరి ఇప్పుడు ఆమెది కాదు మరి.

తరువాత ఒక ఏడు పెద్ద వాన పడి, సరిగ్గా మలుపు దగ్గరే పూడి, నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. గల్లీ అంతా డాబాలెక్కి ఫోన్లు చేస్తున్నారు, ఎవరూ రావడం లేదు. పెద్దబాపు అప్పటికే ముసలివారు. అటక మీది నుంచి గడ్డపార దింపుకుని, వానలో తడుస్తూ వెళ్లి, మలుపు దగ్గర కాంక్రీటును పొడిచి పొడిచి మనిషి చేయి దూరేంత కంత చేశారు. నేను ప్రెస్సు నుంచి వచ్చి చేయి కలిపాను. కంతలోంచి గుడ్డపేలికలు, కవర్లు, కొబ్బరి చిప్పలు లాగేసరికి నీళ్లు గుడగుడమని దిగిపోయాయి. ఆ రాత్రి మా గల్లీలో అందరూ పొడి నేల మీద పడుకున్నారంటే అది ఆ గడ్డపార వల్ల.

వారం తిరగకుండా ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఎవరు పగలగొట్టారని అడిగాడు. మూడో ఇంటాయన తన వరండాలోంచి చేయి చాపి మా ఇంటిని చూపించాడు. సర్కారు సొమ్ము పగలగొట్టడం నేరమని, కేసు పెట్టవలసి ఉంటుందని ఇన్‌స్పెక్టరు గట్టిగా అరుస్తుంటే గల్లీలో ప్రతి గుమ్మంలోనూ మనుషులు ఉన్నారు. పెద్దబాపు వకీలు సాబ్ వైపు తిరిగి, "నువ్వు చూస్తివి గద వకీలు సాబ్, నీ ఇంట్ల గూడ నీళ్లుండె గద" అన్నారు. వకీలు సాబ్ పేపరు మడిచి, మళ్లీ విప్పి, చదువుకున్నారు. నేను అరిచాను. మా బాపు నన్ను రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయారు. చివరకు ఆ ఇన్‌స్పెక్టరు ముసలాయన అని జాలి తలచి వదిలేసి వెళ్లాడు. మరునాడు కాంట్రాక్టరు మనుషులు వచ్చి ఆ కంతను ఇంకా మందంగా పూడ్చేసి వెళ్లారు, మోరి మాత్రం తీయలేదు. పెద్దబాపు గడ్డపారను గుడ్డతో తుడిచి అటక మీద పెట్టించారు. ఆ తరువాత ఆయన గల్లీలో నడిచేటప్పుడు మలుపు వైపు చూడగా నేను ఎన్నడూ చూడలేదు. ఆయన పోయిన రోజు గల్లీ అంతా వచ్చింది, చాలా మంచి మనిషి అని మూడో ఇంటాయన కూడా అన్నాడు. ఆ మూడో ఇంటాయన చాపిన చేయి నేను అందుకోలేదు.

అప్పటి నుంచి నేను ఫిర్యాదులు పెడుతూనే ఉన్నాను. మొదట కిటికీ దగ్గర వరుసలో నిలబడి పెట్టాను, తరువాత ఫోనులో చెప్పాను, ఇప్పుడు యాప్‌లో పెడుతున్నాను. ఆఫీసులు మారాయి, బోర్డులు మారాయి, నా ముఖం చూసి ముఖం తిప్పుకునే గుమాస్తాలు రిటైరై వాళ్ల పిల్లలు వచ్చారు. ఎక్కడికి వెళ్లినా అది మీ పని కాదు, మా పని అంటారు. సరే, మీ పని అయితే చేయండి అంటే, ఈసారికి వేరే విభాగానికి వెళ్లమంటారు. మోరి ఎవరిదీ కాకుండా పోయింది.

నిరుడు అక్క తాళం మాట అన్న తరువాత, ఈ ఎండాకాలంలో నేను ఒక నిర్ణయానికి వచ్చాను. మిరుగుకు ముందు శనివారం సాయంత్రం కాళ్లు కడుక్కుని ఇల్లిల్లూ బయలుదేరాను. పంతులమ్మ ఇల్లు ఉన్న చోట అపార్ట్‌మెంటు లేచింది, అక్కడ వాచ్‌మన్ ఆపి ఏ ఫ్లాటుకు సార్ అని అడిగాడు. అన్ని ఫ్లాట్లకూ అన్నాను, లోపలికి పోనివ్వలేదు. వకీలు సాబ్ ఇంట్లో ఇప్పుడు కోచింగ్ సెంటరు నడుస్తోంది. మూడో ఇంటాయన మనవడు ఆ ఇంటిని హాస్టలుగా మార్చి కిరాయిలు వసూలు చేసుకుంటాడు, మర్యాద గలవాడే. "అంకుల్, మేం టాక్స్ కడ్తున్నం గద. మనం గిట్ల చేస్కుంట పోతే వాళ్లు అసలే చెయ్యరు. మీరు యాప్‌ల పెట్టండి, నేను గూడ లైక్ కొడ్త" అన్నాడు.

మెస్సులో పిల్లలకు అక్కే చెప్పింది. అన్నం వడ్డిస్తూ, "రేపొద్దుగాల మోరి తీద్దాం బిడ్డా, జర చెయ్యి కలుపుండ్రి, లేకుంటే మన మెస్సుండది" అన్నది. సరే అక్కా అన్నారు అందరూ. ఒకడు మాత్రం చేయి కడుక్కుని నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "పర్మిషన్ ఉన్నదా అంకుల్?" అన్నాడు. లేదన్నాను. "మరి ఎవరన్న కేసు పెడితే? కేసుంటే మాకు నౌకరి రాదు అంకుల్. ఊర్ల మా నాయన ఎన్నేండ్ల సంది ఎదురుచూస్తున్నడో" అన్నాడు. వాడి పక్కవాడు వాతావరణం తేలిక చేద్దామని, "ప్రజల భాగస్వామ్యం అని మాకు టాపిక్ ఉన్నది అంకుల్, మస్తు మార్కులొస్తయి" అని నవ్వాడు. నాకు కోపం రావలసింది, రాలేదు. వాళ్లు భయపడింది నేను కళ్లారా చూసిన దానికే.

ఆదివారం పొద్దున్నే గడ్డపార దింపుకుని మలుపు దగ్గర నిలబడ్డాను. అక్క పెద్ద ఫ్లాస్కు నిండా చాయ్, స్టీలు డబ్బా నిండా బెల్లం ఇంగువ ముద్దలు చేసి తెచ్చి, గోడ పక్కన బల్ల మీద పెట్టుకుని కూర్చున్నది. మాదిరి పరీక్షకు వెళ్లే పిల్లలు అట్టలు చంకలో పెట్టుకుని మా పక్క నుంచే గుడ్ మార్నింగ్ అక్కా, గుడ్ మార్నింగ్ అంకుల్ అంటూ పోయారు. ఒకడు ఆగి ఫోటో తీసి, "పైవాళ్లకు పంపిన అంకుల్, రెస్పాన్స్ వస్తది" అని ధైర్యం చెప్పాడు. నేను గడ్డపార ఎత్తి పొడిచాను. పెద్దబాపు చేసిన కంత మీద పోసిన కాంక్రీటు అది, ఇనుము కంటే గట్టిగా ఉంది. మొన దెబ్బతిన్నది గానీ పెచ్చు కూడా లేవలేదు. అక్క లేచి వచ్చి గడ్డపార మీద నా చేతుల కింద తన చేతులు వేసింది. ఇద్దరం కలిసి పొడుస్తుంటే పై అంతస్తు నుంచి హాస్టలు మనవడు, పాపం మంచికే, "అంకుల్, అది గవర్నమెంట్ ప్రాపర్టీ, జర చూస్కోండి" అని కేకేశాడు. నేను తలెత్తి చూశాను. చెయ్యి అచ్చం వాళ్ల తాతలాగే చాపాడు.

ఎండ ఎక్కింది. ఎవరూ రాలేదు. అక్క డబ్బా మూత తీసి, నా చేతులు మురికి కాకపోయినా, ఒక ముద్ద తీసి నా నోట్లో పెట్టింది. తనొకటి వేసుకున్నది. మిగిలినవన్నీ డబ్బాలో అలాగే ఉన్నాయి. "పా తమ్మీ" అన్నది.

మిరుగు పోయి, ఆరుద్ర పోయి, మొన్న మొన్ననే పెద్ద వాన పడింది. నీళ్లు వచ్చాయి. అక్క ఈసారి బకెట్టు పట్టుకోలేదు. మంచం మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుని, నీళ్ల మీద తేలుతున్న పప్పు గరిటెను చూస్తూ ఉండిపోయింది. మరునాడు తాళం వేసింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, ఎటుపోవాలె అక్కా ఇగ మేము అని తల వంచుకుని నిలబడ్డారు. వాళ్లలో కొందరికి రేపు నౌకరీ వస్తుంది, ఎవరో ఒకరు ఇదే ఆఫీసులో కుర్చీలో కూర్చుంటారు, నాలాంటి ముసలివాడు వస్తే ఇది మీ పని కాదు, మా పని అంటారు. అలా అనకూడదని వాళ్లకు నేర్పవలసింది మేమే కదా, మోరి మాది అన్న పట్టింపు మా గల్లీలో మాకే లేకపోయింది.

వాన వెలిసిన పొద్దున నేను బయటికి వచ్చి చూశాను. మోరిలోంచి ఉబికి వచ్చిన బురద అపార్ట్‌మెంటు గేటు ముందు, కోచింగ్ సెంటరు మెట్ల ముందు, హాస్టలు ముందు, ఒక్క ఇంటిని కూడా వదలకుండా, పెద్దబాపే రాత్రి లేచి వచ్చి ఎవరి వంతు వాళ్లకు పోసి వెళ్లినట్టు కుప్పలుగా పడి ఉంది. గల్లీ చివర దాకా నడిచి తిరిగి వచ్చి చూస్తే మా గడప ముందు కూడా ఒక కుప్ప ఉంది. ఆ ఆదివారం మేం ఇద్దరం మోరికి వెళ్లాం పెద్దబాపూ, అని ఆయనకు చెప్పుకుందామని ఉంది.